తమ్ముణ్ణి తాగేసిన పిల్ల

"ఇంకా వదల్లేదా అది?" అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

కోడలు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఒళ్ళో రెండున్నరేళ్ళ కూతురు అడ్డంగా పడుకుని, ఒక కాలు గాల్లో ఊపుతూ పాలు తాగుతోంది. పిల్ల తల ఆనించుకోవడానికి ఎడమచెయ్యి కావాలి. అందుకని తువ్వాలు ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, రెండో అంచు కుడిచేత్తో లాగి మడత వేస్తోంది. ఆ విద్య ఆమెకి బాగానే పట్టుబడింది. దుప్పట్లు మాత్రం ఒంటిచేత్తో లొంగవు. వాటిని పక్కకి నెట్టింది.

"నిద్రొస్తోందత్తయ్యా దానికి. ఒక్క రెండు నిమిషాలు."

"నిద్రొస్తే జోకొట్టి పడుకోబెట్టాలి గానీ, కడుపుతో ఉండి ఇదేం మురిపెం అమ్మాయ్? ఒక్క చెంబెడు నీళ్ళు రెండు మొక్కలకి పోస్తే ఏది బతుకుతుంది చెప్పు? ఉన్నదంతా ఇది తాగేస్తే లోపలున్న నా మనవడికి ఏం మిగుల్తుంది?"

అత్తగారు చెడ్డమనిషేం కాదు. నోరు పెద్దదే గానీ మనసులో ఏదీ దాచుకోదు. కోడలికి జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి పక్కనే కూర్చునే రకం. అందుకే ఆవిడ మాట అంత సూటిగా వచ్చి తగిలింది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. ‘ఇది తాగేస్తే.’ ఆమె చెయ్యి తువ్వాలు మీద ఆగిపోయింది. మంచం చివర, మడతపెట్టని దుప్పట్ల పక్కన, తమ్ముడు నిలబడి ఉన్నాడు.

తమ్ముడంటే పుట్టిన తమ్ముడు కాదు.

పుట్టింట్లో ఆమె ముద్దుపేరు జలగ. పెట్టిన పేరు బడి రిజిస్టరులో ఉండేది, ఇంట్లో మాత్రం అందరికీ జలగే. నాన్నమ్మ భోజనాల మెస్సు నడిపేది. పొద్దున్నా సాయంత్రం బల్లల ముందు కూర్చునే కుర్రాళ్ళు, గుమాస్తాలు కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. "జలగా, ఇన్ని మంచినీళ్ళు పట్రా." "జలగ బడి నుంచి ఇంకా రాలేదా?" చాలాకాలం ఆ మాటకి అర్థం ఆమెకి తెలియదు. ఏదో మెరిసే వస్తువు పేరనుకునేది. ఒకరోజు బళ్ళో పాఠం పుస్తకంలో బొమ్మ చూసింది. నల్లగా, మెత్తగా, రెండువైపులా నోరే ఉన్నట్టున్న పురుగు. ఇంటికొచ్చి, మెస్సు నిండా జనం ఉండగానే, నాన్నమ్మని అడిగేసింది, నాకా పేరెందుకు పెట్టారని.

నాన్నమ్మకి కథ చెప్పడం అంటే సరదా. "ఎందుకేమిటే, మూడేళ్ళొచ్చినా మీ అమ్మ రొమ్ము వదల్లేదు నువ్వు. దానికి మళ్ళీ కడుపొచ్చినా వదల్లేదు. లోపలున్నవాడికి అందాల్సిందంతా పైనున్నదానివి జుర్రేశావు. వాడేం చేస్తాడు పాపం, ఐదో నెలలో రాలిపోయాడు. బంగారంలాంటి మగపిల్లాడు. తమ్ముణ్ణి తాగేసిన పిల్లవే నువ్వు!" అంది. బల్లల దగ్గర అందరూ ఘొల్లున నవ్వారు. ఒకాయనకి పొలమారింది కూడా. అమ్మ ఆ వరసలో కూర వడ్డిస్తోంది. తల ఎత్తలేదు. ఒక విస్తరి దగ్గర గరిటె వంచి, పక్క విస్తరికి జరిగింది.

ఆ రోజు నుంచి తమ్ముడు ఆమెతోనే పెరిగాడు. ఆమె పై తరగతికి వెళితే వాడూ ఒక తరగతి ఎక్కేవాడు. బెంచీ మీద కూర్చునేటప్పుడు కాస్త పక్కకి జరిగి కూర్చునేది, వాడికి చోటుంచాలి కదా అని. రెండోసారి అన్నం పెట్టించుకుంటే అందులో వాడి వాటా ఎంతో లెక్కేసుకునేది, చివరికి రెండోసారి పెట్టించుకోవడమే మానేసింది. పాలు ముట్టుకోలేదు. ఇప్పటికీ టీలో పాలు పోసుకోదు. ఎవరైనా అడిగితే "నాకు పడవండీ" అంటుంది. పెళ్ళి ఫొటోల్లో అన్నింట్లోనూ ఆమె కుడిపక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. "కొంచెం దగ్గరికి జరగండమ్మా" అని ఫొటోగ్రాఫరు గొంతు పోయేలా అరిచాడు గానీ ఆమె జరగలేదు. వాడు ఆమెని ఎన్నడూ ఒక్క మాట అనలేదు, అదే బాధ. ఊరికే నిలబడతాడు. ఎక్కడా కూర్చోడు.

పెళ్ళయిన కొత్తలో భర్తకి చెప్పింది, నవ్వుతూనే, తేలిగ్గా, నాన్నమ్మ చెప్పినట్టే. అతనూ పడీ పడీ నవ్వాడు. అప్పట్నుంచి సరదాగా ఉన్నప్పుడు "ఏం జలగమ్మా" అంటాడు. ఇంకెలా చెప్పాలో ఆమెకీ తెలియలేదు.

ఇప్పుడు మళ్ళీ కడుపు. దానితోపాటు ఇంట్లో ఎవరికీ తెలియని ఇంకో సంగతి కూడా మొదలైంది. పాలు పలచబడిపోయాయి. లేని పాలకోసం పిల్ల గట్టిగా లాగుతుంది. రొమ్ము మొన మీద సూదులు దిగుతున్నట్టుంటుంది. నొప్పి ఒకటే అయితే భరించేది. దానికి పళ్ళు బిగించవచ్చు. కానీ పిల్ల నోరు తగలగానే ఒళ్ళంతా చీమలు పాకినట్టు, ఎవరో పరాయివాళ్ళు తనని తినేస్తున్నట్టు, ఒక్కసారిగా పిల్లని తోసేసి పారిపోవాలనిపిస్తుంది. కన్నబిడ్డని! కాలివేళ్ళు ముడుచుకుని, కిటికీ ఊచల వంక చూస్తూ, పిల్ల ఎప్పుడు వదుల్తుందా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. వదలగానే ఆ చీమలన్నీ మాయమైపోతాయి. నిద్రలో పిల్ల పెదాలు ఇంకా చప్పరిస్తూ ఉంటాయి. అప్పుడు చూస్తే గుండె చెరువైపోతుంది. ఇంతసేపూ ఈ పసిదాన్నేనా నేను విసిరికొట్టాలనుకున్నది అని.

మరి మాన్పించవచ్చు కదా. ఎందుకు మాన్పించడం లేదో ఆమెకే తెలియదు. అత్తగారు మానమంటోంది కాబట్టా? మానితే, నిజంగానే అది తాగేస్తోందని తనూ ఒప్పుకున్నట్టవుతుందనా? అడిగేవాళ్ళు లేక, తనకి తానూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

పగలంతా ఆమె పార్శిలు ఆఫీసులో పని చేస్తుంది. వచ్చినవాళ్ళ దగ్గర మూట అందుకోవడం, తూకం మీద పెట్టడం, బిల్లు కొట్టడం, మళ్ళీ ఎత్తి వెనకగదిలో వరసలో పడెయ్యడం. కౌంటరు వెనక ఒకటే కుర్చీ, అది మేనేజరుది. కడుపు సంగతి చెప్పినప్పుడు అతను కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంకోటా? మొన్ననే కదమ్మా సెలవు తీసుకున్నావు" అన్నాడు. మొన్నంటే రెండున్నరేళ్ళ క్రితం. ఆ తర్వాత ఒక బట్టల మూట ఆమె వైపు జరిపాడు. ఇంటికొస్తే, దొడ్లో నానబెట్టిన బట్టలు పిండి, తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడమెట్లు ఎక్కాలి. మూటలు ఎత్తవద్దని గానీ, బకెట్టు మోయవద్దని గానీ ఏ ఒక్కరూ అనలేదు. ఆఫీసు నుంచి వచ్చాక లోపలిగదిలో పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చునే ఆ కాస్సేపే, అందరికీ ఆమె కడుపు గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం పుస్తకాల కట్ట ఒకటి తూకం మీదికి ఎత్తి దించాక నడుములో పట్టేసినట్టయింది. బాత్‌రూముకి వెళితే లోదుస్తుల మీద ఎర్రటి మరక. అరచేతి వెడల్పు కూడా లేదు. కానీ ఆమెకి గోడలు తిరిగిపోయాయి. తలుపు అవతల తమ్ముడు నిలబడి ఉన్నాడని చూడకుండానే తెలిసింది. ‘ఇదీ తాగేసింది, నా పిల్ల కూడా తాగేసింది’ అనుకుంది. ఆ అనుకోవడం ఎంత సులువుగా, ఎంత తయారుగా వచ్చిందంటే, తన గొంతులో నాన్నమ్మ మాట్లాడినట్టుంది.

ఫోను చేస్తే భర్త ఆఫీసుకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని మొహంలో నెత్తురు లేదు. ఆసుపత్రి దారంతా "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ తొందరమనిషి. స్కాను చేసి, "బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. మరకలు ఒక్కోసారి అవుతాయి. ఏం పని చేస్తావు?" అని అడిగింది. చెప్పింది. బకెట్టు సంగతి కూడా చెప్పింది. "బరువులు ఎత్తకు. పూర్తిగా. మెట్లెక్కి మోయడాలు అసలొద్దు. వీలు దొరికినప్పుడల్లా కూర్చో." అప్పుడామె తల వంచుకుని, తప్పు చేసినదానిలా, పాపకి ఇంకా పాలిస్తున్నానని చెప్పింది. భర్త గోడ మీద పటం చూస్తున్నాడు.

"దానివల్ల ఇలా అవదు. మళ్ళీ ఎర్రగా కనిపించినా, నొప్పులొచ్చినా వచ్చెయ్యి, అప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఇవ్వడం, మానడం నీ ఇష్టం." డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. "నొప్పిగా ఉంటోందా నీకు?"

ఆ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది. "ఉంటుంది. చాలామందికి ఉంటుంది. చెప్పరు" అని డాక్టరమ్మ ఇంకొకర్ని పిలిచింది.

ఇంటికి రాగానే అత్తగారు వాకిట్లోనే ఎదురైంది. ఆమె చెప్పులు విప్పుతోంది. ముందు నడిచిన భర్త అప్పటికే మొదలుపెట్టాడు. "ఏం భయం లేదమ్మా. బిడ్డ బాగానే ఉంది. పాపకి పాలు మాన్పించెయ్యమంది డాక్టరు. అంతే."

వంగినది వంగినట్టే ఆమె అతని వంక చూసింది. అతను కళ్ళతోనే, తర్వాత చెప్తాలే అన్నాడు.

"నేను చెప్పలేదూ! గోడకి చెప్పినట్టు చెప్పాను" అంది అత్తగారు.

గదిలోకొచ్చాక అతను తలుపు దగ్గరగా వేసి మెల్లిగా బుజ్జగించాడు. "చూడు, నువ్వు బరువులెత్తకూడదంటే ఇప్పుడా బకెట్లు అమ్మ మొయ్యాలి. ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. గొడవవుతుంది. ఉద్యోగం మానెయ్యమంటుంది. పాలు మానితే ఎవరికి ఇబ్బంది చెప్పు? ఎలాగూ ఒకనాటికి మానాల్సిందే కదా."

"బకెట్టు మీరెత్తచ్చు కదా" అంది.

"నేనా!" అన్నాడు. మంచి హాస్యమాడినట్టు నవ్వి, ఆమె బుగ్గ మీద చిటిక వేసి వెళ్ళిపోయాడు.

మరకలు కనిపించాయని తెలిసి అమ్మ వచ్చింది, చిన్న సంచీలో రెండు జతల బట్టలతో. వచ్చిన దగ్గర్నుంచి వంటింట్లోనే ఉంది. అమ్మ ఎప్పుడూ అంతే. నిలబడే తింటుంది, నిలబడే టీ తాగుతుంది, ఎవరైనా కుర్చీ చూపిస్తే ఆ కుర్చీ తుడిచి వాళ్ళకే వేస్తుంది. మెస్సు మూతబడి ఇన్నేళ్ళయినా అమ్మ కాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆమె ఆఫీసుకి సెలవు పెట్టిన ఆ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తోంది. ఆమె లోపలిగదిలో పిల్లకి పాలిస్తోంది. ఎండ కిటికీ ఊచల నీడల్ని గచ్చు మీద పరిచింది. అమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. కూతురి మొహం చూడలేదు, ముడుచుకుపోయిన కాలివేళ్ళు చూసింది.

"మాన్పించెయ్యవే" అంది.

"నువ్వు కూడానా అమ్మా?"

"అది కాదే..."

"నాకొక్క సంగతి చెప్పు." ఇన్నేళ్ళుగా నాలిక చివరే ఉన్న మాట ఎంత మామూలుగా బయటికొచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. "వాణ్ణి నేను తాగేశానా?"

ఎవర్ని అని అమ్మ అడగలేదు. గ్లాసు కిటికీలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తడేం లేదు చేతులకి.

"నువ్వెక్కడ తాగావే పిచ్చిదానా. రెండేళ్ళకే వదిలేశావు నువ్వు. చక్కగా ముద్దలు మింగి ఆటలకి పారిపోయేదానివి. నేనే పట్టుకొచ్చి ఒళ్ళో కుక్కుకునేదాన్ని."

"ఎందుకు?"

"కూర్చోడానికి."

పిల్ల రొమ్ము వదిలి నిద్రలోకి జారింది. అమ్మ గొంతు ఇంకా తగ్గించింది. "తెల్లారితే అంతమందికి వండి వార్చాలి. ఆ గంగాళాలు నీకు గుర్తుండవు. కాళ్ళు పీక్కుపోయేవి. మీ నాన్నమ్మకి నా మీద ఒక్కటంటే ఒక్కటే దయ. పిల్ల పాలు తాగుతుంటే తల్లిని లేపకూడదనేది. ఎంత రద్దీ ఉన్నా పిలిచేది కాదు. అందుకని నువ్వు వద్దని గింజుకుంటున్నా నీ నోట్లో పెట్టేదాన్ని. కడుపొచ్చాక మరీను. నీకు ఆకలి ఉండేది కాదు. నాకే నడుం నిలిచేది కాదు."

"మరి వాడు?"

"ఆ పొద్దున్న వేణ్ణీళ్ళ గంగాళం ఒక్కదాన్నే దించాను. లోపల ఏదో పుటుక్కుమంది. దానివల్లే పోయాడో, ఇంకెందుకు పోయాడో, నాకేం తెలుసు? ఎవరు చెప్పారు నాకు? మీ నాన్నమ్మ ఆ మాటంది, అందరూ నవ్వారు. హమ్మయ్య అనుకున్నాను."

"హమ్మయ్యా?"

"నామీదికొస్తే బతకనిచ్చేవాళ్ళా? చంటిపిల్లనంటే నవ్వి ఊరుకుంటారు కదా అనుకున్నా. నీకు తెలుస్తుందనుకోలేదు. తెలిశాక..." అమ్మ కిటికీ బయటికి చూసింది. "తెలిశాక ఎప్పుడు చెప్పను? మనిద్దరి మధ్యా ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది కదే."

ఆమెకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, గ్లాసు తీసి గోడకి కొట్టాలన్నంత. ఎన్ని గ్లాసుల పాలు, ఎన్ని రెండో ముద్దలు, ఎన్ని బెంచీల మీద ఎంత చోటు వదిలేసుకుంది! అమ్మని ఏదో అనాలని నోరు తెరిచింది. అప్పుడు ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల మీద చూపు పడింది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే తను ఏం చేస్తోంది? సంచీ అయినా పెట్టకుండా పిల్లని ఎత్తుకుని ఈ గదిలోకి వచ్చేస్తోంది. పిల్ల ఆడుకుంటూ ఉంటుంది, ఒక్కోసారి అడగను కూడా అడగదు. "పాపకి పాలిచ్చి వస్తానత్తయ్యా" అని తలుపు దగ్గరగా వేస్తుంది. ఆ తలుపుని ఎవరూ తట్టరు. రోజు మొత్తంలో ఆ ఒక్క తలుపునే ఎవరూ తట్టరు. చీమలు పాకినా, సూదులు దిగినా, అందుకే కూర్చుంటోంది.

అమ్మని ఏమీ అనలేకపోయింది. క్షమించానని కూడా చెప్పలేదు. పిల్లని మంచం మీద పడుకోబెట్టి, జాకెట్టు హుక్కులు పెట్టుకుంది. అమ్మ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తమ్ముడు మాత్రం అక్కడే ఉన్నాడు. నిజం తెలిశాక వాడు వెళ్ళిపోతాడనుకుంది గానీ, వాడు కదల్లేదు.

మర్నాడు ఆదివారం. ఆమె దొడ్లో బట్టలు పిండుతోంది. హాల్లో భర్త పేపరు చదువుకుంటున్నాడు. పిల్ల వాళ్ళ నానమ్మ ఒళ్ళో చేరి "పాయి, పాయి" అని గునుస్తోంది. పాలు అనడం రాక దానికి మొదట్నుంచీ పాయే.

"పాయి లేదు, ఛీ. అమ్మ పొట్టలో తమ్ముడున్నాడు కదా, పాయి తమ్ముడిది. నువ్వు తాగేస్తే తమ్ముడు చచ్చిపోతాడు. తమ్ముణ్ణి తాగేస్తావా నువ్వు? మీ అమ్మలాగ చిన్న జలగవా?" అంటోంది అత్తగారు, పిల్లకి చక్కిలిగింతలు పెడుతూ. పేపరు వెనక నుంచి భర్త నవ్వు వినిపించింది. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది.

సబ్బుచేతులతోనే ఆమె లోపలికి వచ్చింది. పిల్ల ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవడం లేదు. నానమ్మ ఒళ్ళోంచి దిగి హాలు మధ్యలో నిలబడి, రెండు అరచేతులతో నోరు మూసుకుని ఉంది. గట్టిగా, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. తల్లిని చూసి కూడా చేతులు తియ్యలేదు. నోటి మీది చేతుల పైనుంచి రెండు కళ్ళు మాత్రం తల్లి కడుపు వంక చూశాయి. ఆ తర్వాత తల్లి కుడిపక్కకి, ఎవరూ లేని చోటికి, చూశాయి. పిల్ల ఒక అడుగు పక్కకి జరిగింది. ఎవరికో చోటిచ్చినట్టు.

ఆ జరగడం ఆమెకి తెలుసు. ఆ అడుగు ఎంత దూరం వెళుతుందో, ఎన్నేళ్ళు వెళుతుందో తెలుసు.

"అత్తయ్యా, ఆ మాట ఇంకెప్పుడూ అనకండి" అంది.

"ఏమన్నాను ఇప్పుడు? నవ్వులాటకి..."

"నన్నూ నవ్వులాటకే అన్నారు." గొంతు పెద్దది కాలేదు. "ఈ బిడ్డ నిలిచినా, నిలవకపోయినా దానివల్ల కాదు. ఆ మాట మళ్ళీ దాని చెవిన పడితే ఈ ఇంట్లో నేనూ నా పిల్లా ఉండం. పాలు మానమని డాక్టరమ్మ చెప్పలేదు. బరువులెత్తొద్దంది. బకెట్టు మొయ్యొద్దంది. మీ అబ్బాయిని అడగండి."

పేపరు కిందికి దిగింది. అత్తగారు కొడుకు వంక చూసింది. "ఏరా?" అంది. అతను మెడ రుద్దుకున్నాడు. దొంగతనంలో దొరికిపోయినవాడిలా, అటూ ఇటూ చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు.

"అయితే మరి బట్టలెవరు ఆరేస్తారు?" అంది అత్తగారు చివరికి, నిజంగానే అర్థం కాక.

ఆమె పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చీరకి చేతులు తుడుచుకుని, ఆ చిన్న వేళ్ళని ఒక్కొక్కటిగా నోటి మీదనుంచి తీసింది. పిల్ల పెదాలు బిగించే ఉంది.

"నువ్వెవర్నీ తాగలేదు" అంది. "ఎవర్నీ తాగవు. పాయి ఎంత తాగినా ఎవరికీ ఏమీ అవదు." పిల్ల రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఇక్కడితో ఆపేసి, బిడ్డ కోసం పాయి మానేద్దాం నాన్నా, మంచిదానివి కదూ, అంటే సరిపోతుంది. పిల్ల వింటుంది కూడా. ఆ మాట పెదాల దాకా వచ్చింది. దాన్ని ఆమె వెనక్కి మింగేసింది. "కానీ మనం పాయి మానేద్దాం. ఎందుకంటే అమ్మకి నొప్పి పుడుతోంది."

"తమ్ముడికా?"

"కాదు. అమ్మకి."

"అమ్మకా?" అంది పిల్ల, అమ్మకి కూడా నొప్పి ఉంటుందని ఇప్పుడే తెలిసినట్టు.

"అమ్మకే."

పిల్ల దగ్గరికొచ్చి, దెబ్బ తగిలినచోట ఊదినట్టు, తల్లి గుండెల మీద ఉఫ్ అని ఊదింది.

మాన్పించడం అంత తేలిగ్గా ఏం జరగలేదు. పిల్ల ఏడ్చింది, రవిక పట్టుకుని లాగింది, ఒకటి రెండుసార్లు తల్లిని కొరికింది. ఆమె చేదు పూయలేదు, భయపెట్టలేదు. అడిగినప్పుడల్లా ఎత్తుకుని అదే మాట చెప్పింది. పార్శిలు ఆఫీసులో డాక్టరమ్మ చీటీ కౌంటరు మీద పెట్టి, ఇక మూటలు ఎత్తనంది. మేనేజరు రుసరుసలాడాడు గానీ, బిల్లులు రాయడానికి ఒక ముక్కాలిపీట తెప్పించాడు. ఆ బిడ్డ నెలలు నిండాకే పుట్టింది. ఇంతమంది ఇన్నాళ్ళు తమ్ముడు తమ్ముడు అని కలవరించింది ఒక ఆడపిల్ల గురించి. అత్తగారు ఒక్కపూట మూతి ముడుచుకుని, ఆ తర్వాత చంకలోంచి దించలేదు. కానీ అదంతా తర్వాతి సంగతి. ఇప్పుడు చెప్పాల్సింది ఆ వారంలోనే, బిడ్డ నిలుస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియనప్పటి ఒక సాయంత్రం గురించి.

ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. పిల్ల హాల్లో గిన్నెల మూతలు పరుచుకుని ఆడుకుంటోంది. తల్లిని చూసి నవ్వింది గానీ లేచి రాలేదు. అలవాటుగా ఆమె పిల్లని ఎత్తుకోబోయి ఆగింది. సంచీ కింద పెట్టింది. లోపలిగదికి వెళ్ళలేదు. హాల్లో వీధి కనిపించేలా వేసిన పెద్దకుర్చీలో, మామూలుగా భర్త కూర్చునే కుర్చీలో, కూర్చుంది. ఒళ్ళో పిల్ల లేదు. మడతపెట్టడానికి బట్టలు లేవు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరి వస్తువో ఎత్తుకొచ్చినట్టుంది. దొడ్లో తడిబట్టల బకెట్టు మెట్ల కిందే ఉంది. అది తెలిసే కూర్చుంది.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "ఒంట్లో బాలేదా?" అంది కంగారుగా.

"బానే ఉంది. నువ్వూ రా. కూర్చో."

అమ్మ చుట్టూ చూసింది. వెళ్ళి ఈనెలు తియ్యడానికి చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకొచ్చింది. ఆమె ఆ పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టేసింది. అమ్మ పక్కకుర్చీ అంచున, ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా, కూర్చుంది. కాసేపటికి కొంచెం వెనక్కి జరిగింది. ఇంకాసేపటికి వీపు ఆన్చింది. మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది, కోపం కూడా అలాగే ఉంది. తమ్ముడు వీధిగుమ్మంలో నిలబడి వాళ్ళ వైపే చూస్తున్నాడు. ఆమె వాణ్ణి పొమ్మనలేదు. వాడు మాత్రం ఎక్కడికి పోతాడు.

లోపలి నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఏం చేస్తున్నావమ్మాయ్ అక్కడ? పిల్ల గానీ పాలు తాగుతోందా?"

అమ్మ లేవబోయింది. ఆమె అమ్మ చేతిని పట్టుకుని ఆపింది.

"లేదత్తయ్యా" అంది. "ఊరికే కూర్చున్నాం."